అప్‌లైన్‌లకు బహిరంగ లేఖ: కొత్తవాడి డబ్బు తీసుకునే ముందు ఒక కాగితం రాసివ్వండి

ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో నెట్‌వర్క్ మార్కెటింగ్ టీములు నడుపుతున్న లీడర్లకు, అప్‌లైన్‌లకు (కొత్తవాళ్లను తమ కింద చేర్చుకునేవాళ్లకు) నమస్కారం.

కొత్తగా ఐడీ తీసుకున్న, అంటే సభ్యులుగా చేరినవాళ్ల బిల్లులు, పేఔట్ (కమీషన్ చెల్లింపు) స్టేట్‌మెంట్లు, బ్యాంకు పాస్‌బుక్కులు ముందు పెట్టుకుని లెక్క చూసేవాళ్ళం మేం. సరుకు మంచిదే, కంపెనీ కాగితాలు సక్రమంగానే ఉన్నాయి, మనిషి కష్టపడే రకమే. అయినా మూడు నెలలు తిరిగేసరికి అప్పు, ఇంట్లో గొడవ, స్నేహితుల ముందు తలదించుకోవడం. ఎందుకిలా అవుతోందో బిల్లులు వరసగా పేరిస్తే తెలిసిపోతుంది. ఆ కారణాలు మీకు ఎప్పటినుంచో తెలుసు. చేరేవాడికే తెలియవు. అతనికీ ముందే తెలిసేలా చేయండి, అది కూడా నోటిమాటగా కాకుండా కాగితం మీద చేయండి అని అడగడానికే ఈ ఉత్తరం.

ముందు ఒక లెక్క వేద్దాం. తెనాలిలో బట్టల షాపులో నెలకు 12,000 జీతానికి పనిచేసే కుర్రాడు చేరాడనుకోండి. అంకెలు ఉదాహరణకు వేసినవే, మీ ప్లాన్‌లో అవి అటూ ఇటూ ఉంటాయి. పద్దులు మాత్రం ఇవే. జాయినింగ్ ప్యాకేజీ 9,000. ఐడీ యాక్టివ్‌గా ఉండాలంటే నెలకు 2,000 రీపర్చేజ్ (కంపెనీ సరుకే మళ్లీ కొనడం), మూడు నెలలకు 6,000. ప్రతి ఆదివారం విజయవాడలో మీటింగ్: బస్సు చార్జీలు, హాలు టికెట్, భోజనం కలిపి 300, పన్నెండు వారాలకు 3,600. హైదరాబాద్‌లో రెండు రోజుల ట్రైనింగ్ ఒకటి, టికెట్, ప్రయాణం, బస కలిపి 3,000. లిస్టులో ఉన్నవాళ్లను కలవడానికి పెట్రోలు, టీలు, ఫోను నెలకు 1,000 చొప్పున 3,000. మొత్తం 24,600. ఇక వచ్చింది చూడండి. నాలుగిళ్లలో అమ్మిన సరుకుకు 3,000. ఒక పెయిర్ మ్యాచ్ అయితే, అంటే అతని కింద ఎడమ, కుడి వైపుల కొనుగోళ్లు జత కుదిరితే 1,000, అందులో అడ్మిన్ చార్జీ ఐదు శాతం పోగా 950. కలిపితే 3,950. ఇంట్లో వాడుకున్నవీ మిగిలినవీ అయిన సబ్బులు, పేస్టులు, పొడులు కిరాణా కొట్టు లెక్కన 5,000 చేస్తాయనుకున్నా ఇంకా 15,650 లోటు. అంటే నెలకు 5,200 పైచిలుకు. జీతంలో నూటికి నలభై రూపాయలకు పైనే పోయింది.

స్టేజీ మీద ఈ లెక్క ఎవరూ వేయరు. "రెండు వేలు ఇంటి సామానే కదా, ఎలాగూ కొంటావు" అంటారు. అలాంటి ఇంట్లో సబ్బు, పేస్టు, షాంపూ, గిన్నెల సబ్బు అన్నీ కలిపినా నెలకు ఏడెనిమిది వందలు దాటవు. మిగతా పన్నెండు వందలు కొత్తగా నెత్తిన పడ్డ ఖర్చే. ధర పోల్చడం కూడా నేర్పరు. సీసా ధర చూస్తే ఏమీ తెలియదు. వంద గ్రాములకు ఎంత, వంద మిల్లీలీటర్లకు ఎంత అని కట్టి, పక్కనే వీధి చివరి కొట్టులో అదే రకం వస్తువు ధర రాయాలి. "ఇది చిక్కటిది, కొంచెం వేస్తే చాలు" అనే వస్తువైతే ఒక్కసారి వాడకానికి ఎంత పడుతుందో కొలిచి రాయాలి. ఆ పోలికలో నిలబడే వస్తువులు మీ జాబితాలో కొన్ని ఉంటాయి. కొత్తవాడిని అవే అమ్మమనండి. మిగతావి అతని చేత కొనిపించకండి.

రెండోది పిలిచే పద్ధతి. మొదటిరోజే వంద పేర్ల లిస్టు రాయిస్తారు. మేనమామ నుంచి ఇంటర్‌లో బెంచీ పక్కన కూర్చున్నవాడి దాకా అందులో ఉంటారు. తర్వాత మీరిచ్చే సలహా ఒకటే: "ఫోన్లో ఏమీ చెప్పొద్దు. తీసుకొచ్చి కూర్చోబెట్టు, మిగతాది మేం చూసుకుంటాం." కొత్తవాడు నెలన్నరలోనే ఒంటరి అయిపోవడానికి ఈ ఒక్క సలహా చాలు. బావమరిదిని కాఫీకని పిలిచి ప్రొజెక్టర్ ముందు కూర్చోబెడితే, అతను మర్యాదకు రెండు గంటలు కూర్చుంటాడు, వెళ్లేటప్పుడు ఆలోచించి చెప్తానంటాడు, ఆ తర్వాత ఫోన్ ఎత్తడు. ప్లాన్ నచ్చకపోవడం అతనికి పెద్ద విషయం కాదు. తనను అబద్ధం చెప్పి రప్పించారన్నదే గుచ్చుకుంటుంది. పైగా ఇది నిబంధనలకే విరుద్ధం. 2021 డిసెంబర్ 28న కేంద్రం తెచ్చిన వినియోగదారుల రక్షణ (డైరెక్ట్ సెల్లింగ్) నిబంధనల ప్రకారం, డైరెక్ట్ సెల్లర్ మాట మొదలుపెట్టగానే, ఎవరూ అడగకముందే, తానెవరో, ఏ కంపెనీ తరఫున వచ్చాడో, అమ్మేదేమిటో, ఎందుకు కలుస్తున్నాడో నిజం చెప్పాలి. గుర్తింపు కార్డు లేకుండా, ముందుగా సమయం అడగకుండా కస్టమర్ ఇంటికి వెళ్లకూడదు.

దానికి బదులు ఫోన్లోనే మూడు మాటలు చెప్పమనండి: కంపెనీ పేరు, ఏం అమ్ముతారు, చేరితే మొదటి నెల ఎంత ఖర్చు. సగం మంది అక్కడే వద్దంటారు. కానీ ఆ సగం మందితో స్నేహం మిగులుతుంది, వచ్చేవాళ్లు తెలిసి వస్తారు. హాలు నిండదని మీకు బెంగ ఉండొచ్చు. హాలు నిండటం కోసం ఒకడి చుట్టరికాలు ఖర్చుపెట్టించడం తప్పు.

ఉద్యోగమని చెప్పి రప్పించడం ఇంకా ఘోరం. ప్యాకింగ్ పని, డేటా ఎంట్రీ, నెలకు ఇంత జీతం అని ఊళ్ల నుంచి పిల్లల్ని పట్నానికి పిలిపించి, గదుల్లో ఉంచి, డబ్బు కట్టించుకుని, ఆ పిల్లల చేతే స్నేహితులకు అవే అబద్ధాలు చెప్పించే టీములున్నాయి. అక్కడ జరిగేది మోసం, నేరం. మీ పక్క లైనులో అలాంటివాళ్లుంటే క్రాస్‌లైన్ (వేరే టీము) గొడవ మనకెందుకని ఊరుకోకండి, పోలీసులకు చెప్పండి.

ఇక బైనరీ ప్లాన్ దగ్గరకు వద్దాం, అంటే ఒక్కొక్కరి కింద ఎడమ, కుడి అని రెండు వరసలు (కాళ్లు) ఉండే ప్లాన్. కొత్తవాళ్లకు అస్సలు అర్థం కానిది ఇదే. "ఒక కాలు మేం నింపుతాం, రెండో కాలు నువ్వు చూసుకో చాలు" అని చేర్చుకుంటారు. డ్యాష్‌బోర్డు తెరిస్తే ఎడమవైపు నాలుగు లక్షల బీవీ (కొనుగోళ్లకు కంపెనీ వేసే పాయింట్లు) కనబడుతుంది. కుర్రాడు మురిసిపోతాడు. కానీ కమీషన్ కట్టేది తక్కువ ఉన్న వైపు లెక్కన. కుడివైపు సున్నా ఉంటే వచ్చేదీ సున్నాయే. పైన మీరు పెట్టుకుంటూ వచ్చిన మనుషులు ఎడమవైపు జారి పడుతున్నారు గనక ఆ వైపు పెరుగుతూనే ఉంటుంది, కుడివైపు మాత్రం పూర్తిగా అతని భుజాల మీదే ఉంటుంది. దానిమీద క్యాపింగ్ ఉంటుంది: రోజుకో వారానికో ఇంతకు మించి ఇవ్వరు, మించినది ఫ్లష్ అయిపోతుంది. ఒక నెల యాక్టివ్ కాకపోతే క్యారీ ఫార్వర్డ్ (ముందు నెలల నుంచి మిగిలిన బీవీ) పోయే ప్లాన్లూ ఉన్నాయి. కొన్నిటిలో మొదటి పెయిర్‌కు రెండు వైపులా సమానంగా ఉంటే సరిపోదు, ఒకవైపు రెండింతలు (2:1) ఉండాలి. ఈ నాలుగు షరతులూ రాసి ఉన్న పేజీని చేరకముందు చూపించండి. ఒక అంకెతో చెప్పండి: "ఎడమ 4,00,000, కుడి 6,000 ఉంటే నీకొచ్చేది ఇంత." ఈ ఒక్క వాక్యం చెప్పడానికి నిమిషం పట్టదు.

నెలాఖరు రాత్రుల సంగతి ప్రత్యేకంగా చెప్పాలి. 28వ తేదీ నుంచి వాట్సాప్ గ్రూపులో హడావుడి మొదలవుతుంది. "ఇంకా 1,800 బీవీ తక్కువుంది, ర్యాంకు చేజారుతుంది, ఎవరైనా వేయండి." ఆ ర్యాంకు చాలాసార్లు పైనున్న మీది. వేసేది కింద ఉన్నవాడు. క్రెడిట్ కార్డు గీకుతాడు, లోన్ యాప్ తెరుస్తాడు, భార్య గాజులు బ్యాంకులో పెడతాడు. సొంత ఐడీ చాలక అమ్మ పేరున ఒకటి, చెల్లి పేరున ఒకటి తీస్తాడు. సరుకు మంచం కిందకు చేరుతుంది. ఏప్రిల్, మే నెలల్లో రేకుల ఇంట్లో పెట్టిన ప్రోటీన్ పొడి డబ్బా తెరిచి చూడండి. మూత కింద రేకు చిల్లి పడితే చాలు, అంచుల వెంట తేమ పట్టి గడ్డలు కట్టి ఉంటుంది. క్రీము నీరూ నూనెగా విడిపోతుంది. సీలు పోయినదాన్ని, ఎక్స్‌పైరీ దగ్గరపడ్డదాన్ని కంపెనీ వెనక్కి తీసుకోదు. కాబట్టి ఒక నియమం పెట్టుకోండి: డౌన్‌లైన్‌లో (మీ కింద చేరినవాళ్లలో) ఎవరూ తన ఇంట్లో ఆ నెల వాడేదానికీ, చేతిలో ఉన్న ఆర్డర్లకీ మించి కొనకూడదు. మీ ర్యాంకుకు బీవీ తక్కువైతే మీ డబ్బుతో మీరే కొనుక్కోండి.

ఇంత జరిగాక ఆ కుర్రాడు "సార్, డబ్బులు రావట్లేదు" అంటే ఇచ్చే జవాబు మమ్మల్ని అన్నిటికంటే ఎక్కువ బాధపెడుతుంది. "నీలో ఆకలి లేదు." "నీ మైండ్‌సెట్ మారాలి." "నెగటివ్ మనుషులకు దూరంగా ఉండు." ఆ నెగటివ్ మనిషి ఎవరయ్యా అంటే, ఇంటి అద్దె కట్టారా అని అడిగిన భార్య. పాలవాడి బాకీ గుర్తుచేసిన నాన్న. లెక్క అడిగినవాళ్లను శత్రువులుగా చూపించి, లెక్కలో ఉన్న లోటును మనిషిలో లోటుగా నమ్మిస్తున్నారు. వ్యాపారం ఆగిపోయినా ఆ మాట మనిషిని వదలదు. ఇది మానేయండి. మిగతావన్నీ మానలేకపోయినా ఇదొక్కటైనా ఈ ఆదివారం నుంచే మానేయండి.

ఎందుకంటే ఆ లోటు మనిషిది కాదని లెక్కే చెబుతుంది. ఒక్కొక్కరు ఐదుగురిని తెచ్చే ప్లాన్ బోర్డు మీద గీస్తారు కదా, దాన్ని చివరిదాకా గీయండి. 5, 25, 125, 625... పదకొండో మెట్టులో 4,88,28,125 మంది. మొదటి మనిషితో సహా అన్నీ కలిపితే 6,10,35,156. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ మొత్తం జనాభా, చంటిపిల్లలతో సహా, దాదాపు ఎనిమిది కోట్ల నలభై ఆరు లక్షలు. పన్నెండో మెట్టు ఒక్కదానికే ఇరవై నాలుగు కోట్ల పైన కావాలి. ఏ మెట్టు దగ్గర ఆగినా, మొత్తంలో నూటికి ఎనభై మంది ఆఖరి మెట్టులోనే ఉంటారు, వాళ్ల కింద ఒక్కరూ ఉండరు. దాని పై మెట్టునూ కలిపితే నూటికి తొంభై ఆరు మంది. అందరూ సమానంగా కష్టపడ్డా, అందరి మైండ్‌సెట్ బంగారంలా ఉన్నా ఇంతే. బయటి కస్టమర్లకు సరుకు అమ్మి వచ్చే లాభం తప్ప ఆ తొంభై ఆరు మందిని నిలబెట్టేది మరేదీ లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లల దగ్గరకూ మీ జూమ్ మీటింగులు వెళ్తున్నాయి గనక రెండు సంగతులు. హెచ్-1బీ వీసా మీద ఉన్నవాడు ఆ వీసా పెట్టిన యజమాని దగ్గర తప్ప వేరేచోట పనిచేసి సంపాదించకూడదు. "ఇది ఉద్యోగం కాదు, సైడ్ ఇన్‌కమ్" అని మీరంటే వీసా నిబంధన మారిపోదు. రెండోది, వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ ఫెడరల్ ట్రేడ్ కమిషన్ సిబ్బంది 2024 సెప్టెంబర్‌లో 70 మల్టీలెవల్ (నెట్‌వర్క్ మార్కెటింగ్) కంపెనీల ఆదాయ ప్రకటనలను పరిశీలించి నివేదిక ఇచ్చారు. ఎక్కువమందికి ఏడాదికి వెయ్యి డాలర్లు, లేదా అంతకంటే తక్కువే వచ్చిందని అందులో తేల్చారు. ఆ ప్రకటనల్లో చాలావాటిలో సభ్యులు పెట్టిన ఖర్చు లెక్కలోకే రాలేదు. వెనకేసుకున్నదెంతో చూపకుండా చెక్కు బొమ్మ చూపించడం అక్కడా ఇక్కడా ఒకటే జబ్బు.

చట్టం గురించి కొత్తవాడికి చెప్పాల్సింది మీరే, ఎందుకంటే ఇబ్బంది వస్తే అతనికీ వస్తుంది. 1978 నాటి ప్రైజ్ చిట్స్, మనీ సర్క్యులేషన్ స్కీముల (సభ్యులను చేర్చితే డబ్బొస్తుందని ఆశపెట్టే స్కీముల) నిషేధ చట్టం కింద అలాంటి స్కీము నడపడమే కాదు, అందులో సభ్యుడిగా చేరడం కూడా నేరమే. మూడేళ్ల దాకా జైలు ఉంది. 2007 జులైలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పెద్ద కంపెనీ ప్లాన్ ప్రాథమికంగా ఆ చట్టంలోని మనీ సర్క్యులేషన్ నిర్వచనంలోకే వస్తుందని చెప్పింది. సరుకు ఉంది గనక భయం లేదనుకోవడం సరికాదని ఆ తీర్పుతోనే తెలిసింది. 2021 నిబంధనలు ఇంకా సూటిగా ఉన్నాయి: చేరడానికి రుసుము గానీ, రెన్యువల్ రుసుము గానీ తీసుకోకూడదు. డెమో సామాగ్రి కొనాలని షరతు పెట్టకూడదు. మనిషిని చేర్చినందుకు ప్రయోజనం ఇవ్వకూడదు. మీ ప్లాన్‌లో మొదటి చెక్కు దేనికి వస్తోందో ఒకసారి ఈ వాక్యం పక్కన పెట్టి చూసుకోండి.

పొడులు, రసాలు అమ్మించే టీములకు ఇంకో మాట. షుగర్ తగ్గుతుంది, థైరాయిడ్ మాత్రలు మానేయొచ్చు, క్యాన్సర్ నయమవుతుంది లాంటి వాయిస్ మెసేజ్‌లు పై నుంచే వస్తాయి. కొత్తవాడు వాటిని తన స్టేటస్‌లో పెడతాడు, పిన్నికి పంపుతాడు. షుగర్, క్యాన్సర్ లాంటి జబ్బులకు ఇలాంటి ప్రచారం చేయడాన్ని 1954 నుంచే చట్టం నిషేధించింది. లేబుల్ మీద 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ నంబరు ఉంటే అది ఆహారపదార్థం, మందు కాదు. ఆ మాట నమ్మి పిన్ని ఇన్సులిన్ మానేస్తే ఏమవుతుందో వేరే చెప్పక్కర్లేదు.

డబ్బు ఏ దారిన వెళ్తుందో కూడా సరిచేయండి. చాలా టీముల్లో కొత్తవాడు డబ్బు అప్‌లైన్ ఫోన్‌పేకు పంపుతాడు, అప్‌లైన్ తన దగ్గరున్న ఈ-పిన్‌తో (ఐడీ తెరిచే కోడ్‌తో) ఐడీ యాక్టివేట్ చేస్తాడు. బిల్లు ఇంకొకరి పేరున ఉంటుంది, లేదా ఉండదు. వారం తర్వాత వద్దనుకుంటే కంపెనీ "మీ నుంచి మాకు పేమెంటే రాలేదు" అంటుంది, అప్‌లైన్ "పిన్ వాడేశాం" అంటాడు. డబ్బు నేరుగా కంపెనీ ఖాతాకే వెళ్లాలి, బిల్లు చేరినవాడి పేరునే రావాలి. కూలింగ్ ఆఫ్ గడువు లోపల జరిమానా లేకుండా తప్పుకునే హక్కు అతనికి ఉంది. ఆ గడువు ఎన్ని రోజులో కంపెనీని బట్టి మారుతుంది, అందుకే ఒప్పందంలోని ఆ పేజీ మడతపెట్టి చేతికివ్వండి. తప్పుకోవాలంటే మీకు వాట్సాప్ పెడితే చాలదని, కంపెనీ ఫిర్యాదుల అధికారికి ఈ-మెయిల్, దానితోపాటు రిజిస్టర్డ్ పోస్టు పంపి రసీదు దాచుకోవాలని, డబ్బాల సీలు తీయకూడదని, సీలుతో ఫొటోలు తీసి ఉంచుకోవాలని మీరే చెప్పండి. ఫిర్యాదు అందిందని కంపెనీ 48 పనిగంటల్లో చెప్పాలి, మామూలుగా నెలలోపు పరిష్కరించాలి. లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు చేయాలి. ఈ నంబరు మీ నోటి వెంట వింటే కొత్తవాడికి మీమీద నమ్మకం పెరుగుతుంది, తగ్గదు.

ఇక మేం అడుగుతున్న కాగితం. ఒక తెల్లకాగితం చాలు. గత పన్నెండు నెలల్లో కంపెనీ నుంచి మీకొచ్చినదెంత, సరుకుకు, ప్రయాణాలకు, హాళ్లకు మీరు పెట్టినదెంత. ట్రైనింగ్ టికెట్ల మీద మీకేమైనా వస్తుంటే అది వేరేగా రాయాలి. మీ టీములో ఐడీలు ఎన్ని, పోయిన నెల యాక్టివ్‌గా ఉన్నవి ఎన్ని, వాళ్లలో ఐదు వేలు దాటి అందుకున్నవాళ్లు ఎందరు. అమ్మిన సరుకులో ఐడీ లేని బయటివాళ్లు కొన్నదెంత. మొదటి మూడు నెలల ఖర్చు పైన వేసిన పద్దుల ప్రకారం. కూలింగ్ ఆఫ్ ఆఖరి తేదీ. కింద మీ సంతకం. ఇది చదివాక అతను ఇంటికి వెళ్లి, ఇంట్లోవాళ్లకు చూపించి, రెండు రాత్రులు నిద్రపోయి వచ్చి చేరాలి. అదే రోజు చేరితే ఆఫర్ అని తొందరపెట్టకండి.

చేరినవాడికి మొదటి అరవై రోజులు మనిషిని చేర్చే పని అప్పజెప్పకండి. పదిళ్లు చూసుకోమనండి. ఒక్కో ఇంటికి నెలకు 1,500 సరుకు, ఇరవై శాతం మార్జిన్ అయితే 3,000 మిగులు, పెట్రోలుకు 600 పోతే 2,400. ఒక చిన్న నోటుపుస్తకంలో ఇంటి పేరు, ఏం కొన్నారు, ఎన్నాళ్లకు అయిపోయింది, మళ్లీ అడిగారా లేదా అని రాయించండి. రెండో నెల ఆ పదిళ్లలో మొహమాటం లేకుండా మళ్లీ కొన్నవి మూడు కూడా లేకపోతే ఆ సరుకు ఆ ధరకు ఆ ఊళ్లో నడవదు. అప్పుడు మీరే అతనికి ఫోన్ చేసి, సీలు తీయని డబ్బాలు ఎన్నున్నాయో అడిగి, వాపసు ఫారం నింపించి పంపించండి.

ఇట్లు,
కొత్తవాళ్ల బిల్లులు, పాస్‌బుక్కులు చూస్తున్నవాళ్ళం